క్రిస్మసు పంక్తిలో తీపి పాలు

ఆగమన కాలము ప్రారంభమైనది మొదలు మన గ్రామ సంఘములలో రెండు ఆలోచనలు పుట్టును. ఒకటి క్రిస్మసు ఆరాధనను గూర్చినది. రెండవది క్రిస్మసు విందును గూర్చినది. ఆరాధన నిమిత్తము పాటలు నేర్చుకొందురు, గుడికి సున్నము వేయుదురు, మామిడాకుల తోరణములు కట్టుదురు. విందు సంగతి వచ్చునప్పటికి పెద్దలు కూర్చుండి లెక్క వేయుదురు. ఎంతమంది వత్తురు? ఏమి వండవలెను? తీపి ఏమి పెట్టవలెను? ఈ మూడవ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని దాని వెనుక పెద్ద చరిత్ర యున్నది. పండుగనాడు జనసమూహమునకు తీపి పంచుట దేవుని ప్రజలలో మిక్కిలి పురాతనమైన ఆచారము. ఎవరు పంచిరి, ఎవరికి పంచిరి, కడపట కూర్చున్న వానికి అందెనా లేదా అనునదే ఆ చరిత్రలోని ముఖ్యమైన సంగతి.

ముస్తాబాదు, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పల్లెలలో క్రిస్మసు చేసికొను సంఘములు ఈ చరిత్రను ఎరిగియుండుట మేలు. ఎందుకనగా అది పరదేశపు చరిత్ర మాత్రమే కాదు. మన ముత్తాతలు ఆకు ముందర కూర్చున్న చరిత్ర కూడ.

లేఖనములలో పండుగ తీపి

మొదట పరిశుద్ధ గ్రంథమును చూతము. సమూయేలు రెండవ గ్రంథము ఆరవ అధ్యాయములో దావీదు రాజు దేవుని మందసమును యెరూషలేమునకు తెచ్చిన వృత్తాంతమున్నది. బలులు ముగిసిన తరువాత రాజు జనులను ఊరక పంపివేయలేదు. వచ్చిన వారందరికి, పురుషులనక స్త్రీలనక, ఒక్కొక్కరికి ఒక రొట్టెను, ఒక పాలును, ఎండు ద్రాక్షపండ్లతో చేసిన ఒక అడను పంచిపెట్టెను. ఇందులో గమనింపదగినది లెక్క. గొప్పవారికి రెండు, బీదవారికి అర అని లేదు. తలకొకటి. స్త్రీలకు మిగిలినది పెట్టుట కాదు. వారి పాలు వారిదే. ఎండు ద్రాక్ష అడ ఎందుకు పంచిరనగా అది చేతిలో పట్టుకొని పోదగినది, దారిలో చెడనిది, లెక్క పెట్టుటకు వీలైనది. సమూహమునకు తీపి పెట్టుటలోని సూత్రము అప్పుడే మన కండ్ల యెదుట కనబడుచున్నది.

నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయము ఇంకను స్పష్టమైనది. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు ప్రాకారము కట్టిన పిమ్మట ఎజ్రా ధర్మశాస్త్రమును చదువగా విని ఏడ్చిరి. అప్పుడు వారి నాయకులు వారి కన్నీటిని తుడిచి, ఇది పరిశుద్ధ దినము గనుక ఇండ్లకు పోయి క్రొవ్విన పదార్థములు తిని మధురమైనవి త్రాగుడని ఆజ్ఞాపించిరి. అంతటితో ఆపలేదు. ఎవరి ఇంట ఏమియు సిద్ధము కాలేదో వారికి వంతులు పంపవలెనని కూడ చెప్పిరి. పొయ్యి వెలుగని ఇల్లు ఊరిలో ఉండగా పండుగ పూర్తి కాదని ఆ మాటల భావము.

క్రొత్త నిబంధనలో దీనికి వ్యతిరేకమైన దృశ్యము కూడ కలదు. కొరింథు సంఘము ప్రభువు బల్లయొద్దకు కూడివచ్చినప్పుడు కలిగినవారు ముందుగా తిని త్రాగి మత్తులగుచుండిరి; పనిపాటలు ముగించుకొని ఆలస్యముగా వచ్చిన బీదలు ఆకలితో నిలిచియుండిరి. పౌలు అపొస్తలుడు ఈ సంగతి విని మిక్కిలి కఠినముగా వ్రాసెను. ఆయన కోపము వంట సరిగా లేనందుకు కాదు, పంపకము సరిగా లేనందుకు.

చలిదేశముల క్రిస్మసు వంటలు

డిసెంబరు 25వ తేదీన ప్రభువు జననమును కొనియాడుట రోమా సంఘములో క్రీస్తుశకము 336 నాటికే ఉండెనని 354 నాటి ఒక రోమా పంచాంగము వలన తెలియుచున్నది. పండుగ ఐరోపా అంతటను వ్యాపించిన కొలది ఒక్కొక్క దేశము తన పొలములో పండినదానితో తన తీపి వంటను చేసికొనెను.

ఇంగ్లండులో క్రిస్మసుకు ప్లమ్ పుడ్డింగు అను వంట చేయుదురు. దాని పేరులోని ప్లమ్ అను మాటకు పూర్వము ఎండు ద్రాక్ష అని అర్థము. మొదట అది మాంసము, ధాన్యము, ఎండు ద్రాక్ష కలిపి కాచిన జావ. కాలక్రమమున మాంసము పోయి, పిండి, క్రొవ్వు, ద్రాక్ష, చక్కెర కలిపి గుడ్డలో మూటగట్టి గంటల తరబడి నీటిలో ఉడికించు ముద్దగా మారెను. ఆగమన కాలమునకు ముందటి ఆదివారమున ఇంటిల్లిపాది దానిని కలుపుదురు. క్రిస్మసు వరకు అది చెడక నిలుచును. 1647లో ఆ దేశపు పార్లమెంటు క్రిస్మసు పండుగనే నిషేధించెను. రాజరికము తిరిగి వచ్చిన 1660 వరకు నిషేధముండినను జనులు తమ వంటలను మరువలేదు.

జర్మనీ దేశములో డ్రెస్డెను పట్టణపు స్టోలెన్ అను క్రిస్మసు రొట్టె ప్రసిద్ధమైనది. ఆ కాలమందు ఆగమన దినములు ఉపవాస దినములు గనుక వెన్న వాడరాదని కట్టడ యుండెను. వెన్న లేని రొట్టె చప్పగాను గట్టిగాను ఉండెను. అక్కడి పాలకులు రోమునకు మనవులు పంపగా 1491లో పోపు ఎనిమిదవ ఇన్నోసెంటు వెన్న వాడుకొనుటకు సెలవిచ్చెను. అయితే ఆ సెలవునకు రుసుము చెల్లింపవలసియుండెను. ఆ సొమ్ము దేవాలయ నిర్మాణమునకు పోయెను. వెన్న తినుటకు డబ్బు కట్టి, ఆ డబ్బుతో గుడి కట్టిన ఈ కథను జ్ఞాపకముంచుకొనుడి. మన దేశములో దీనికి పూర్తిగా తలక్రిందులైన కథ యొకటి జరిగెను. దానిని ముందు చెప్పెదము.

చక్కెర ఎవరిది?

పుడ్డింగు, కేకు మొదలైనవి దొరల తిండియనియు, బెల్లపు వంటలు పల్లెటూరి తిండియనియు కొందరు తలంచుదురు. ఈ తలంపు చరిత్ర యెరుగనిది. చక్కెర పుట్టినది ఐరోపాలో కాదు. చెరకు రసమును కాచి గడ్డకట్టించు విద్య మన దేశమునుండియే పడమటికి పోయెను. మన శర్కర అను మాట పారసీక దేశములో షకర్ అయి, అరబ్బులలో సుక్కర్ అయి, చివరకు ఇంగ్లీషు వారి నోట షుగర్ అయ్యెను. ఖండము అను మాటయే మారి మారి క్యాండీ అయినది. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దములో అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కసు అను నౌకాధిపతి, ఈ దేశములో తేనెటీగలు లేకయే తేనె నిచ్చు రెల్లు కలదని ఆశ్చర్యపడి చెప్పెను. కాబట్టి ఇంగ్లండు పుడ్డింగులోని తీపియు మన అరిసెలోని తీపియు ఒకే తల్లి బిడ్డలు.

1927లో బ్రిటిషు వారు తమ సామ్రాజ్యపు సరకులనే కొనవలెనని బోధించుటకై రాజుగారి వంటవాని చేత ఒక సామ్రాజ్య క్రిస్మసు పుడ్డింగును తయారుచేయించి దాని విధానమును ప్రకటించిరి. ఎండు ద్రాక్ష ఒక దేశమునుండి, చక్కెర మరియొక దేశమునుండి, సుగంధ ద్రవ్యములు వేరొక దేశమునుండి తెచ్చి ఒకే గిన్నెలో కలిపిరి. మన దేశపు సరకు కూడ అందులోనుండెను. కాని ఆ సరకు పండించిన కూలివాని బిడ్డకు ఆ పుడ్డింగులో ఒక ముక్క దక్కెనా? పంపకము లేని పండుగ వంట ఎంత గొప్పదైనను దావీదు అడకు సరిరాదు.

మన ప్రాంతపు చెరకు కథలో కూడ తీపియు చేదియు కలిసియున్నవి. 1937లో బోధనునొద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపింపబడెను. తరువాతి కాలమున మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలోను, మెదకు దగ్గర మంబోజిపల్లిలోను దాని శాఖలు పని చేసెను. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు బండ్లమీదను ట్రాక్టర్లమీదను చెరకు తోలిరి. 2015 డిసెంబరులో, క్రిస్మసు సమీపమున, ఈ మూడు చోట్ల పని నిలిచిపోయెను. తియ్యని సరకు చేసిన కార్మికుల ఇండ్లలో ఆ పండుగ చప్పబడెను. పళ్ళెములోని చక్కెర వెనుక ఎవరి చెమట యున్నదో తలంచుకొనుట కూడ కృతజ్ఞతాస్తుతిలో భాగమే.

కరవులో కట్టిన గుడి

ఇక మన సంఘ చరిత్రకు వచ్చెదము. వెస్లియన్ మిషనరీలు 1880 ప్రాంతమున సికిందరాబాదులో పని మొదలిడి, తరువాతి సంవత్సరములలో కరీంనగరు, మెదకు వైపులకు వచ్చిరి. సువార్త నంగీకరించిన వారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలలోని కూలిజనము. ఆనాడు ఈ ప్రాంతము నిజాము రాజ్యములోనిది. వెట్టిచాకిరి బలముగా నుండిన కాలము. ఈ పేటలవారి దినాహారము జొన్న గటక, అంబలి. బియ్యపు అన్నమే పండుగనాటి మాట. బెల్లము, నెయ్యి సంగతి చెప్పనక్కరలేదు. పెద్దిండ్లలో పండుగయైనప్పుడు వీరు కట్టెలు కొట్టిరి, నీళ్లు మోసిరి, పందిళ్లు వేసిరి. వంతు మాత్రము వాకిటి వెలుపల, అందరు తిన్న తరువాత, మిగిలినదానిలోనుండి వచ్చెడిది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమునను తరువాతను మెదకు ప్రాంతమునకు కరవు వచ్చెను. పనిలేక తిండిలేక జనులు అలమటించుచుండగా చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వారికి ఊరక దానము చేయక, గుడి కట్టు పని ఇచ్చి, ఆ పనికి ప్రతిఫలముగా తిండి దొరకునట్లు చేసిరి. 1914లో ఆరంభమైన ఆ పని పది సంవత్సరములు నడచెను. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 173 అడుగుల ఎత్తు గోపురముగల మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను. 2024 క్రిస్మసుతో దానికి నూరేండ్లు నిండినవి.

ఇప్పుడు డ్రెస్డెను వెన్న కథను దీని ప్రక్కన పెట్టి చూడుడి. అక్కడ తినుటకు సెలవిచ్చి, గుడి కొరకు డబ్బు తీసికొనిరి. ఇక్కడ గుడి పని ఇచ్చి, తినుటకు అన్నము పెట్టిరి. ఆ గోడలలోని రాయి యొక్కొక్కటి ఒక కుటుంబపు పూటకూడు. క్రిస్మసునాడు మెదకు గుడికి వేలాదిమంది, క్రైస్తవులు కానివారు సహితము, ఈనాటికిని వచ్చుచున్నారు. ఆ సమూహములో ఎందరి పూర్వికులు ఆ గుడి దయవలన కరవు దాటిరో దేవునికే ఎరుక.

పిడికెడు బియ్యము

మానుకోట వైపునున్న దోర్నకల్లు అధ్యక్ష ఖండములో మరియొక మంచి ఆచారము వేళ్లూనెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్లు అధ్యక్షులై 1945 జనవరి 1న మరణించువరకు ఆ పని చేసిరి. ఆంగ్లికన్ సంఘములో అధ్యక్ష పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. బీద సంఘమైనను ఇచ్చు సంఘముగా నుండవలెనని ఆయన బోధ. ఆయన సంఘములలో స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల ప్రార్థించి ఒక పిడికెడు గింజలు వేరొక కుండలో వేయుచుండిరి. ఆదివారమున ఆ కుండను గుడికి తెచ్చి కానుకగా పోయుచుండిరి. పంట పండుగలలో ధాన్యము, కోళ్లు, కూరగాయలు బలిపీఠము ముందుకు వచ్చెడివి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వెస్లియన్ సంఘములును ఆంగ్లికన్ సంఘములును ఒక్కటయ్యెను. 1978లో కరీంనగరు అధ్యక్ష ఖండము వేరుగా ఏర్పడెను. పిడికెడు బియ్యపు ఆచారము తెలుగు సంఘములలో ఇప్పటికిని పలుచోట్ల నిలిచియున్నది.

ఈ ఆచారమునకు క్రిస్మసు విందునకు ఏమి సంబంధము? లెక్క వేసి చూతము. పిడికెడు బియ్యము సుమారు 40 గ్రాములు తూగును. క్రిస్మసుకు ముందు నాలుగు వారములు, అనగా 28 దినములు, దినమునకు ఒక్క పిడికెడు తీసి పెట్టినచో ఒక ఇంట కిలోకు పైగా చేరును. సంఘములో 50 ఇండ్లున్నచో సుమారు 56 కిలోలగును. 300 మంది విందుకు వత్తురనుకొందము. తలకు 150 గ్రాముల చొప్పున అన్నమునకు 45 కిలోలు, పరమాన్నమునకు ఏడున్నర కిలోలు సరిపోవును. ఇంకను మూడున్నర కిలోలు మిగులును. నెహెమ్యా చెప్పిన సిద్ధము కాని ఇంటికి ఆ మిగిలినది పంపవచ్చును. దీనికి ఎవరును అప్పు చేయలేదు, ఒక్క ధనవంతుని యెదుట చేయి చాపలేదు, ఒకరి పేరు పలకమీద వ్రాయనక్కరలేదు. విందు అందరిది, ఎందుకనగా పిడికెడు అందరిది.

సమూహమునకు తగిన తీపి

మన ఆడవారు తరతరములుగా నేర్చిన తీపి వంటలలో కొన్ని ఇంటికి తగినవి, కొన్ని సంఘమునకు తగినవి. పోలెలు రుచియైనవే, కాని ఒక్కొక్కటిగా పెనముమీద కాల్చవలెను, మరునాటికి పూర్ణము పులియును. పదిమంది ఇంటికి అవి మంచివి, మూడువందలమంది పంక్తికి కావు.

అరిసె సమూహమునకు పుట్టిన వంట. బియ్యమును నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే రోట దంచి జల్లించవలెను. బెల్లమును ఉండపాకము పట్టి, నీళ్లలో వేసినప్పుడు మెత్తని ఉండ కట్టగానే దింపి, పిండిని కొద్దికొద్దిగా పోయుచు కలుపవలెను. నువ్వులు అద్ది, ఆకుమీద తట్టి, నూనెలో వేయించి, రెండు చెక్కల నడుమ నొక్కి నూనె తీయవలెను. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము పట్టును. నడితరపువి సుమారు 50 అరిసెలగును. తలకు రెండు చొప్పున 300 మందికి 12 కిలోల బియ్యము, 9 కిలోల బెల్లము కావలెను. నీటి పాలు తక్కువ, తీపి ఎక్కువ గనుక అరిసె రెండు వారములైనను చెడదు. ఇంగ్లండు పుడ్డింగు నెలల తరబడి నిలుచుటకు కారణమును ఇదియే. ఆ దేశపు అమ్మకును ఈ దేశపు అవ్వకును ఒకరి నొకరు చూడకయే ఒకే ఉపాయము తోచెను.

అరిసెల పనికి ఒక్కరు చాలరు. దంచుటకు ఇద్దరు, జల్లించుటకు ఒకరు, పాకము చూచుటకు చేయి తిరిగిన ఒక పెద్దమ్మ, తట్టుటకు నలుగురు, నూనెయొద్ద ఇద్దరు కావలెను. పాకము ముదిరినచో అరిసె రాయి యగును, లేతయైనచో నూనెలో విడిపోవును. అందుచేత అత్తా కోడండ్లు, వదినె మరదండ్లు మాటలాడక మానిన ఇండ్లవారు సహితము పాకమునొద్ద మాటలాడవలసి వచ్చును! క్రిస్మసుకు నాలుగు దినములు ముందుగా గుడి ఆవరణలో అరిసెలు చేయు సంఘములో సమాధానము కూడ కొంత వండబడును.

గరిజెలును అట్టివే. పుట్నాల పొడి, బెల్లము, ఎండు కొబ్బరి, నువ్వులు లోపల పెట్టి చేసినచో వారము దినములు నిలుచును. నువ్వుల ముద్దలకు, పల్లి ముద్దలకు నూనె కూడ అక్కరలేదు. పిల్లల చేతిలో పెట్టుటకు అవి మేలు.

పరమాన్నము మాత్రము ఆనాటి తెల్లవారుజామునే వండవలెను. కిలో బియ్యమునకు పాలు, నీళ్లు కలిపి నాలుగు లీటర్లు, బెల్లము కిలో. ఇది 40 మందికి వచ్చును. మన పెద్దలు సోల, తవ్వ, మానిక అను కొలతలతో ఇదే లెక్కను తప్పక చేసిరి; నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. రెండు జాగ్రత్తలు మరువరాదు. బియ్యము మెత్తగా ఉడికిన తరువాతనే బెల్లము వేయవలెను. ముందు వేసినచో గింజ ఉడుకదు. బెల్లమును వేరుగా కరగించి, వడగట్టి, చల్లార్చి, గంగాళము పొయ్యిమీదనుండి దింపిన పిమ్మట కలుపవలెను. లేనిచో పాలు విరుగును. ఇత్తడి గిన్నెలైనచో కళాయి వేయించి యుండవలెను. మూడువందలమంది పండుగ ఒక్క గిన్నెలో నున్నప్పుడు తొందర పనికిరాదు.

మరి కేకు సంగతి? మన దేశములో క్రిస్మసు కేకు 1883లో మలబారు తీరమందలి తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను రొట్టెల వ్యాపారి మొదట చేసెనని చెప్పుదురు. హైదరాబాదులో రొట్టె అంగళ్లు పెరిగినవి. నగరపు విందులలో రొట్టెముక్కలను పాలలోను పాకములోను నానబెట్టిన డబుల్ కా మీఠా కూడ వచ్చినది. నేడు సిరిసిల్లలోను, కోరుట్లలోను, జగిత్యాలలోను బేకరీలున్నవి. పల్లెలకు కూడ కేకు వచ్చినది. కేకు తినుట తప్పు కాదు. అయితే ఒక సంగతి ఆలోచింపదగినది. పెద్ద కేకును వేదికమీద పెట్టి, అతిథులును పెద్దలును కోసి ఒకరి నోట ఒకరు పెట్టుకొనగా, చాపలమీద కూర్చున్న సంఘము చూచుచుండును. వెనుక వరుసలోని ముసలమ్మకు ఏమి అందును? చప్పట్లు కొట్టు వంతు మాత్రమే అందునా? కేకు తెచ్చినచో తలకొక ముక్క వచ్చునంత తేవలెను. లేనిచో ఇంటింటి పిడికెడుతో చేసిన పరమాన్నమే తేవలెను.

పంక్తి

మార్కు సువార్త ఆరవ అధ్యాయములో ప్రభువు అయిదు రొట్టెలు పంచకముందు ఒక పని చేయించెను. జనులను పచ్చికమీద నూరేసిమంది, ఏబదేసిమంది చొప్పున పంక్తులు తీర్చి కూర్చుండబెట్టెను. పంక్తి తీర్చనిదే బలముగలవాడు ముందుకు త్రోసికొని వచ్చును, బలహీనుడు వెనుకబడును. అద్భుతము రొట్టెలలోనే కాదు, వరుసలో కూడ కలదు.

మన దేశములో పంక్తి అను మాటకు వేరొక బరువున్నది. ఎవరితో కూర్చుండి తినవలెను, ఎవరితో తినరాదు అనుటయే కులమునకు వెన్నెముక. వాకిటి వెలుపల ఆకు పట్టుకొని నిలిచిన మనుష్యుడు క్రిస్మసునాడు పంక్తిలో కూర్చుండగా, అతని ఆకులో మొదట తీపి వడ్డింపబడుట చిన్న సంగతి కాదు. అతడు ఆ దినమున తాను మనుష్యుడనని నోటితో రుచి చూచెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము పదునేడవ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. దానికి పూర్వమే కొన్ని పల్లెలలో గుడి ముందరి చాప ఆ పాఠమును కొంత నేర్పెను.

కొంత అనియే చెప్పవలెను. మాల పేటవారికి ఒక పంక్తి, మాదిగ పేటవారికి మరియొక పంక్తి వేసిన సంఘములు లేకపోలేదు. ఒకే బాప్తిస్మము పొంది రెండు పొయ్యిలు పెట్టుట కొరింథు పాపమే. దీనిని దాచినచో చరిత్ర చరిత్ర కాదు. మన తాతలు వాకిటి వెలుపల పొందిన అవమానమును మనము మరియొకరికి వడ్డించినచో ఏ బెల్లమును ఆ చేదును పోగొట్టజాలదు.

పంక్తి గుడితో ముగియదు. బతుకమ్మ సద్దులనాడు పొరుగువారు మలీద ముద్దలు పంచుదురు. రంజానునాడు షీర్ ఖుర్మా గిన్నె గడప దాటి వచ్చును. క్రిస్మసునాడు అరిసెల పళ్ళెము ఆ గడపలకు పోవుట మన పల్లెల మంచి మర్యాద. సిరిసిల్ల మగ్గములమీద పనిచేయు నేత కార్మికుని ఇల్లు, కొడుకు గల్ఫు దేశమునకు పోగా ఒంటరిగా మిగిలిన తల్లి ఇల్లు, పంట పోయిన రైతు ఇల్లు, వీటి పొయ్యిలు పండుగనాడు ఎట్లున్నవో చూడవలెను. లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో, తిరిగి పిలువగలవారిని గాక బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని విందుకు పిలువుడని ప్రభువు చెప్పెను గదా.

కాబట్టి ఈ ఆగమన కాలములో మన సంఘ పెద్దలు లెక్క వేయునప్పుడు ఒక క్రొత్త పద్ధతి అవలంబింతురు గాక. లెక్కను ముందు వరుసనుండి గాక వెనుక వరుసనుండి మొదలుపెట్టవలెను. గుడికి రాలేని మంచము పట్టినవారెందరు? ఆలస్యముగా వచ్చు కూలివారెందరు? పిలువనిదే రాని పొరుగువారెందరు? మొదట వీరి పాలు తీసి మూతపెట్టి, తరువాత పంక్తికి వడ్డింపవలెను. సత్రములో స్థలము దొరకని కుటుంబములో పుట్టిన ప్రభువు పండుగకు ఇంతకంటె తగిన లెక్క లేదు. నేటి సాయంకాలము వంటకు బియ్యము కొలుచునప్పుడు మొదటి పిడికెడు తీసి ప్రక్కన పెట్టుడి. క్రిస్మసు విందు అక్కడనే ఆరంభమగును.